తెర వెనక మాటలు: లైట్లు, మైకు, మేకప్పు వాళ్ళ సొంత సామెతలు రాయండి

మూడోగంట (తిరుపతి)

ఏ నాటక ప్రదర్శన కరపత్రమైనా తీసి చూడండి. ప్రధాన పాత్రధారులు పెద్ద అక్షరాల్లో, చిన్న పాత్రలవాళ్ళు చిన్న అక్షరాల్లో, దాతలు ఫొటోలతో సహా ఉంటారు. తాడు లాగేవాడూ ఫ్యూజు వేసేవాడూ మాత్రం 'లైటింగ్, మైకు, రంగాలంకరణ' అనే ఒక్క వరుసతో, అదీ అద్దె షాపు పేరుతో సరిపెట్టుకోవాలి. అయినా మాటల్లో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు. తిరుపతి, చిత్తూరు వేదికల వెనక పనిచేసినవాళ్ళు తమలో తాము అనుకునే మాటలు, వేళాకోళాలు ఇక్కడ రాయండి. నటుల పేర్లు, సమాజాల పేర్లు మాత్రం వద్దు.

నేను మొదలుపెడతాను. పద్యనాటకాల్లో లైట్ల దగ్గర కూర్చునేవాళ్ళకు గడియారంతో పని లేదు. నటుడు పద్యం ఎత్తుకుంటే ఒక టీ. చివర రాగం కూడా అందుకుంటే టీ, బన్ను. ముందు వరుసలోంచి 'వన్స్‌మోర్' వినబడితే కాలిన ఫ్యూజు మార్చి, చేతులు కడుక్కుని తీరిగ్గా రావచ్చు. 'ఎంతసేపు పడుతుంది?' అని ఎవరైనా అడిగితే 'ఒక పద్యం' అనో 'రాగంతో కలిపి' అనో చెప్పుకుంటాం.

ఇంకొకటి. మూడో గంట కొట్టగానే తెర లేవాలని అందరికీ తెలుసు. మన దగ్గర నాలుగో గంట కూడా ఉంది. అది ముఖ్య అతిథి కారు దిగినప్పుడు కొట్టేది. నాటకం మధ్యలో పెట్టే సన్మానానికి మేము పెట్టుకున్న పేరు 'శాలువా సీను'. దానికి క్యూ షీటు (ఏ లైటు ఎప్పుడు మారాలో రాసిన కాగితం) ఉండదు, రిహార్సల్ ఉండదు, నిడివి భగవంతుడికే తెలియాలి. అడవిలో అర్ధరాత్రి అని నీలం వెలుగు పరిచి ఉంచితే, అతిథిగారి ముఖం ఫొటోలో రావడం లేదని తెల్ల లైట్లన్నీ వేయమంటారు. ఆయన దిగి వెళ్ళాక మళ్ళీ అర్ధరాత్రి తెప్పించడం మన పని.

ఫ్యూజుమామ (చిత్తూరు)

శాలువా సీను బాగుంది. నాగయ్య కళాక్షేత్రం పక్కన టీ తాగుతూ ఎన్నిసార్లు అనుకున్నామో ఈ మాట.

తిరుపతి వాళ్ళది ఇంకొకటి ఉంది, మీరెవరూ రాయలేదేమిటి? లైటు మారాల్సిన చోట మారకపోతే 'క్యూ ఏది?' అని దర్శకుడు అరుస్తాడు. వింగులోంచి, అంటే రంగం పక్కన తెర చాటు నుంచి, జవాబు: 'వైకుంఠం కాంప్లెక్సులో ఉంది సార్.' అప్పటికీ మారకపోతే, 'సర్వదర్శనం సార్, టైము పడుతుంది.' మరీ ముందే లైటు వేసేశాడనుకోండి, 'వీఐపీ బ్రేకులో వెళ్ళిపోయింది' అంటారు. ఈ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా పేలని జోకు ఇది.

అద్దంముందు (తిరుపతి)

నాది మేకప్పు. బయటి ఊళ్ళ నుంచి పోటీలకు వచ్చే బృందం గ్రీన్‌రూములో అడుగుపెట్టగానే నేను వేసే మొదటి ప్రశ్న: 'కొండకు వెళ్ళొచ్చారా, వెళ్ళాలా?' మర్యాద కోసం అడుగుతున్నానని వాళ్ళు అనుకుంటారు. నా బాధ నాది. పొద్దున తలనీలాలు ఇచ్చి, సాయంత్రం కృష్ణుడి వేషానికి వచ్చి కూర్చునేవాళ్ళు ఉన్నారు. జుట్టు ఉంటే విగ్గుకు పిన్నులు పెట్టవచ్చు. గుండుకు పిన్ను ఎక్కడ గుచ్చను? అంచుల వెంట స్పిరిట్ గమ్ అనే జిగురు రాయాలి. పొద్దుననే కత్తి ఆడిన చర్మం మీద అది పడగానే కృష్ణుడే 'గోవిందా' అంటాడు. లైట్ల వేడికి చెమట పట్టి, రెండో అంకానికి కిరీటంతో సహా విగ్గు వెనక్కి జరుగుతుంది. అప్పుడు మా కుర్రాడు వింగులోంచి చెయ్యి పైకెత్తి తల తడుముకుంటాడు. 'కొండ కనబడుతోంది, సర్దుకో' అని సైగ. తెలిసిన నటుడైతే ఏదో ఆలోచిస్తున్నట్టు నుదుటి మీద చెయ్యి వేసుకుని కిరీటం ముందుకు లాక్కుంటాడు. తెలియనివాడు మాకేసి చూసి తనూ తల తడుముకుంటాడు.

మే నెలలో గంగమ్మ జాతర వచ్చిందంటే ఊరు ఊరంతా మా వృత్తిలోకి దిగుతుంది. బైరాగి వేషానికి సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. మాతంగి వేషానికి మీసాలున్న మగవాళ్ళు చీర కట్టుకుని బజారులో నడుస్తారు, ఎవరూ వింతగా చూడరు. అందుకే మేకప్పు డబ్బుల దగ్గర బేరం పెట్టేవాళ్ళతో మేము అనే మాట: 'జాతరలో ఊరికే వస్తుంది, అక్కడికి వెళ్ళండి.'

నల్లచొక్కా (తిరుపతి)

రంగం మీద సామాను మార్చేవాళ్ళు నల్లబట్టలు వేసుకోవడం లోకమంతా ఉన్న పద్ధతే. చీకట్లో కుర్చీ తీసేవాడు ప్రేక్షకుడి కంటపడకూడదు. మనకు ఇబ్బంది కార్తీకమాసంలో మొదలవుతుంది. అప్పటి నుంచి సంక్రాంతి దాకా నల్లచొక్కా వేసుకుని బయటికి వస్తే ఊరంతా 'స్వామీ' అనే పిలుస్తుంది. బస్సులో లేచి సీటు ఇస్తారు, అంతవరకు బాగానే ఉంది. రాత్రి పదకొండింటికి బండి దగ్గర ఆమ్లెట్ అడిగితే, బండివాడు గరిటె పక్కన పెట్టి మన మెడలో మాల కోసం వెతుకుతాడు.

అందుకే మా గుంపులో సీను మార్చే సామానుకు 'ఇరుముడి' అని పేరు. 'ఇరుముడి ఎత్తండి' అంటే సింహాసనం లోపలికి తీసుకుపొమ్మని. దర్శకుడు నిన్న మొన్న వచ్చినవాడైతే, ఈ నాటకంలో అయ్యప్ప ఎక్కడున్నాడని స్క్రిప్టు తిరగేస్తాడు.

కొత్తవింగు (తిరుపతి)

నమస్కారం అన్నయ్యలూ. నేను విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను, ఈ ఏడాదే ఒక బృందంలో లైట్ల సహాయకుడిగా చేరాను. మొదటి రోజే నన్ను 'చీకటి జెలటిన్ అయిపోయింది, షాపుకు వెళ్ళి రెండు షీట్లు పట్టుకురా' అని పంపించారు. లైటు ముందు పెట్టే రంగు జెలటిన్ షీట్లలో ఎరుపు, నీలం, ఆంబర్ ఉన్నప్పుడు చీకటి మాత్రం ఎందుకు ఉండదు అనుకున్నాను. షాపాయన నవ్వకుండా 'ఎంత చీకటి కావాలి బాబూ, సాయంకాలమా, అమావాస్యా?' అని అడిగాడు. ఫోను చేసి కనుక్కుంటే 'అమావాస్యే' అన్నారు. అప్పుడు ఆయన 'అది మా దగ్గర లేదు, రేణిగుంటలో ఉంటుంది' అన్నాడు. రైల్వే స్టేషను దాకా నడిచాక అర్థమైంది.

ఇలాంటివి ఇంకా ఏమున్నాయో ముందే చెబితే బతికిపోతాను.

మూడోగంట

తెర తాళంచెవి. 'వెనక తెరకు తాళం వేశారు, వాచ్‌మన్‌ను అడిగి చెవి తీసుకురా.' వాచ్‌మన్ కూడా మన మనిషే, అతడు వంటవాడి దగ్గరికి పంపుతాడు.

కోయిల (పుత్తూరు)

మైకు శాఖ నుంచి ఒకటి: 'ఎకో మరీ ఎక్కువైంది, హాలు వెనక గోడ దగ్గర నిలబడి సంచిలో పట్టుకురా.'

ఫ్యూజుమామ

షాపుకు పంపడం, తాళంచెవి వెతికించడం, ఇంతవరకు సరే. కానీ కొన్నిచోట్ల ఇంకో ఆట ఆడతారు. కొత్తవాణ్ణి పిలిచి 'ఈ వైరు పట్టుకో, ఏమీ కాదు' అంటారు. వాడు ఉలిక్కిపడితే అందరూ నవ్వుతారు. అది నాకు నచ్చదు, నా ఎదుట ఎవరు చేసినా ఆ రోజే పనిలోంచి పంపేస్తాను. కరెంటుకు వేళాకోళం తెలియదు.

కొత్తవింగు, నువ్వు ఇది చదువు నాయనా. 1000 వాట్ల పార్ (PAR) స్టేజి లైటు ఒక్కటి 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. 'ఒక్క ప్లగ్గు చాలదా?' అని నిర్వాహకుడు అడుగుతాడు. 15 ఆంపియర్ల ప్లగ్గుకు అలాంటివి అయిదు తగిలిస్తే 21 దాటుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం. దాని బదులు ఎవరైనా లావు తీగ చుట్టి ఉంటే వైరే కాలుతుంది. అందుకే మావాళ్ళు 'ఫ్యూజు తిట్టుకున్నా పరవాలేదు, ఫైరింజను పిలవకూడదు' అంటారు.

ఇంకా పెద్దది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు. జనరేటరు నుంచో కరెంటు స్తంభం నుంచో మూడు ఫేజులు తెచ్చి లైట్లు ఒకదాని మీద, మైకు ఒకదాని మీద, ఫ్యాన్లు ఒకదాని మీద పంచుతాం. ఏదైనా ఒక ఫేజు పోతే దాని మీద ఉన్నవి ఆరిపోతాయి, అంతటితో సరి. న్యూట్రల్ వదులై ఊడిందా, మూడు ఫేజుల లోడు ఒకదానితో ఒకటి ముడిపడి, తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి 230 దాటి 300 పైకి ఎగబాకుతుంది. ఆ ఫేజు మీద సాధారణంగా ఉండేది మైకువాడి మిక్సరు. 'ఫేజు పోతే చీకటి, న్యూట్రల్ పోతే దీపావళి.' మా గురువుగారు ఈ మాటను ప్యానెల్ బోర్డు తలుపు లోపలివైపు సుద్దతో రాయించేవారు. అందరూ నవ్వుకుంటూనే, తెర లేచేముందు న్యూట్రల్ స్క్రూ ఇంకొకసారి బిగించేవారు.

కోయిల

మామ చెప్పిన దీపావళిలో మిక్సరు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి చేతులెత్తి నమస్కారం.

మైకు కూత పెడితే 'కోయిల వచ్చింది' అంటాం, నా పేరు అక్కడిదే. స్పీకరులోంచి వచ్చిన ధ్వని మళ్ళీ మైకులోకి వెళ్ళి, పెరిగి, మళ్ళీ స్పీకరులోంచి వచ్చి, అలా తిరుగుతూ ఉంటే ఆ కూత పుడుతుంది. మందు చాలా చిన్నది. స్పీకర్లను మైకుల కంటే ముందుకు, ప్రేక్షకుల వైపుకు జరపాలి. ఈ మాట చెబితే, స్పీకరు అక్కడ పెడితే దాతల బ్యానరు కనబడదంటారు. ఇక కోయిల రాక తప్పదు.

లైట్ల వాళ్ళకూ మాకూ ఎప్పుడూ ఉండే తగాదా ఉరుము, మెరుపు. హరిశ్చంద్ర కాటి సీనులో ముందు మెరవాలి, తర్వాత ఉరమాలి. మేము ఉరుము వేశాక వాళ్ళకు మెలకువ వచ్చి మెరుపు వేస్తారు. 'మీ ఊళ్ళో వెలుగు నడిచి వస్తుందా?' అని అడుగుతాం. 'మీ ఉరుముకు భయపడి ఆగింది' అంటారు.

గుగ్గిలం (పలమనేరు)

ఇప్పుడు ఉరుము అంటే ల్యాప్‌టాపులో ఒక మీట. మా నాన్న తరంలో పెద్ద రేకు ముక్కను వింగులో వేలాడదీసి, కింది అంచు పట్టుకుని ఊపేవారు. రేకు పట్టినవాడికి ఆ రాత్రంతా 'ఇంద్రుడు' అనే పేరు. ఇంద్రుడు భోజనానికి వెళ్ళాడంటే వాన సీను ఆగాల్సిందే.

నా పేరు గురించి కూడా చెప్పాలి. వీధినాటకాల్లో రాక్షస పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మంట మీద గుగ్గిలం పొడి చల్లుతారు. మెత్తటి పొడి గాలిలో విడివడి ఒక్కసారిగా భగ్గుమంటుంది. గడ్డగా వేస్తే పొగ తప్ప ఏమీ రాదు. అందుకని పొడి మెత్తగా దంచనివాణ్ణి 'పొగ రాక్షసుడు' అని ఏడిపించేవారు. ఇవాళ కూడా బాగా డబ్బాకొట్టి రంగం మీదికి వచ్చి ఏమీ చేయలేని నటుణ్ణి మేము 'గడ్డ గుగ్గిలం' అంటాం. అతడికి తెలియదు, పొగడ్త అనుకుంటాడు.

ఇంకొకటి, లైటు హెచ్చుతగ్గులు చేసే డిమ్మర్లు రాకముందుది. మట్టి గొట్టంలోనో జాడీలోనో ఉప్పునీళ్ళు పోసి, అడుగున ఒక లోహపు బిళ్ళ, తాడుకు వేలాడే ఇంకొక బిళ్ళ పెట్టేవారు. పై బిళ్ళను కిందికి దించేకొద్దీ లైటు పెరుగుతుంది, పైకి లాగితే తగ్గుతుంది. ఉప్పు ఎక్కువ వేస్తే లైటు ఒక్కసారే మండుతుంది, తక్కువైతే బిళ్ళలు దగ్గరపడినా వెలుగు రాదు. రెండో అంకానికి నీళ్ళు మరిగి ఆవిరి లేచేది. అందులో చెయ్యి పెడితే ప్రాణమే పోతుంది, మామ చదివితే నన్ను తిడతాడని తెలుసు. కానీ ఆ రోజుల నుంచి మిగిలిన మాట ఇప్పటికీ వాడుతున్నాం. లైటు మరీ ఎక్కువగా ఉందనిపిస్తే 'ఉప్పు తగ్గించు' అంటాం. ఎల్‌ఈడీ లైట్ల ముందు కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న కుర్రాడికి కూడా ఆ మాట అర్థమవుతుంది.

ఫ్యూజుమామ

తిట్టను. ఆ జాడీ దగ్గర కూర్చున్నవాళ్ళను చూశాను. ఒక చెయ్యి వీపు వెనక కట్టుకునేవారు, రెండు చేతులూ పొరపాటున తగలకుండా.

ముందువరుస (చిత్తూరు)

నేను ప్రేక్షకుణ్ణి మాత్రమే, క్షమించండి. ఇవన్నీ సరదాగా ఉన్నాయి కానీ నాకు ఒక సందేహం. ఇంగ్లండులో, అమెరికాలో నాటకశాలల వాళ్ళకు కూడా ఇలాంటివే ఉన్నాయని చదివాను. నాటకశాలలో మాక్‌బెత్ పేరు ఎత్తకూడదట, రాత్రి తాళం వేసేముందు రంగం మీద ఒక దీపం వెలుగుతూ వదిలేయాలట, తెర వెనక ఈల వేయకూడదట. మనవాళ్ళ మాటలు కూడా అక్కడి నుంచి వాట్సాప్‌లో వచ్చినవి కావని ఎలా నమ్మడం?

నల్లచొక్కా

ఇరుముడి, వైకుంఠం కాంప్లెక్సు కూడా ఇంగ్లండు నుంచే వచ్చాయా అండీ?

గుగ్గిలం

ఈల సంగతి చెబుతాను, అక్కడే తేడా తెలుస్తుంది. అక్కడ పెద్ద నాటకశాలల్లో తెరలు, సెట్లు పైకప్పు దగ్గర తాళ్ళతో వేలాడతాయి. ఆ తాళ్ళ పనికి ఓడల్లో పనిచేసినవాళ్ళు వచ్చేవారని, వాళ్ళ సంకేతాలు ఈలలే కాబట్టి ఎవరైనా ఊరికే ఈల వేస్తే పైనుంచి బరువు నెత్తిన పడుతుందని చెప్పుకుంటారు. మన దగ్గర అంతా తలకిందులు. ఊళ్ళో నాటకానికి తెర లేవాలంటే విజిలే ఊదాలి. విజిల్ వినబడకపోతే తెర దగ్గరివాడు తాడు ముట్టడు. చిక్కు ఎక్కడంటే, ముందు వరుసలో ఉత్సాహం ఎక్కువైనవాళ్ళు కూడా ఈల వేస్తారు. పద్యం మధ్యలో తెర పడిపోయిన నాటకాలు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. అప్పటి నుంచి తెర కుర్రాడికి నేర్పే మొదటి పాఠం 'మన ఈల వేరు, జనం ఈల వేరు'. మాది రెండు పొట్టివి, ఒక పొడుగు.

తాడు గురించి మాత్రం వాళ్ళూ మనమూ ఒకటే. 'తాడు వదిలేముందు తల చూడు.' ఇది జోకు లెక్కలోకి రాదు.

ముందువరుస

ఒప్పుకుంటున్నాను. నేను కూడా ముందు వరుసలో ఈలలు వేసినవాణ్ణే, ఏ తెర ఎందుకు పడిందో ఇప్పుడు అనుమానం వస్తోంది.

భారతంరాత్రి (పుత్తూరు దగ్గర)

మీరంతా హాళ్ళ గురించే రాస్తున్నారు. మన జిల్లాలో అసలు పరీక్ష ద్రౌపదమ్మ గుడి ముందు జరిగే భారతం. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, ఇలా రోజుల తరబడి. మైకు, లైట్లు, జనరేటరు మావే. ఎండలో వైర్లు, రాత్రి మంచు, పక్కనే జనం.

అర్జునుడి తపస్సు రోజున వేషధారి పొడవైన మాను ఎక్కుతాడు. మెట్టు మెట్టుకూ పద్యం. పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసిరితే పిల్లలు లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టి నిలబడతారు. వైరు మైకుల రోజుల్లో ఆయన ఎక్కేకొద్దీ వైరు వదులుతూ ఉండేవాళ్ళం. సగం మానుకు వైరు అయిపోయేది. అర్జునుడు శివుణ్ణి వదిలి మమ్మల్ని పిలిచేవాడు. ఎక్కడ ఏ వైరు పొట్టిగా వచ్చినా 'అర్జునుడి వైరు తెచ్చావా?' అనడం మాకు అలవాటైంది.

చివరి రోజు దుర్యోధన వధ. నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ పడుకోబెట్టి ఉంటుంది, దాని చుట్టూ భీముడూ దుర్యోధనుడూ గదలతో తిరుగుతారు. తొడ విరిగాక ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. మాకు ముట్టాల్సిన మిగతా పైకం ఆ తర్వాతే. కాబట్టి మధ్యలో ఎవరైనా అడ్వాన్సు అడిగితే మేస్త్రి చెప్పే ఒకే మాట: 'దుర్యోధనుడు పడితేనే డబ్బులు పడతాయి.' ఒక ఊళ్ళో చివరి రోజు వాన వచ్చి మట్టి బొమ్మ ముందే కరిగిపోయింది. పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళి 'దుర్యోధనుడు పడిపోయాడండీ' అన్నాం. వాళ్ళు మళ్ళీ మట్టి తెప్పించారు.

గడియ (తిరుపతి)

ఇంతవరకు అందరూ అన్నలే కనబడుతున్నారు. నేను దుస్తులు, నగల పని చూస్తాను. మా ఆడవాళ్ళలో ఒక జోకు ఉంది: 'గడియ ఉన్న గ్రీన్‌రూము చూశావా?' 'మా అమ్మమ్మ చూసిందట.' చాలాచోట్ల తలుపు ఉంటుంది, గడియ ఉండదు. గడియ ఉంటే మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ అదే గది. ద్రౌపది చీర మార్చుకునేటప్పుడు ఇద్దరం దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడతాం. ఆ పనికి పేరు 'కృష్ణుడి డ్యూటీ'. 'ఇవాళ కృష్ణుడు ఎవరు?' అని అడిగితే ఎవరు దుప్పటి పట్టుకోవాలో చెప్పమని. మగవాళ్ళు విని ఏదో పాత్ర గురించి అనుకుంటారు. అనుకోనివ్వండి.

నటులకు చెప్పని ఇంకో మాట 'సూది నోట్లో ఉంది'. రంగం మీదికి వెళ్ళబోతూ భుజకీర్తి తెగిందని పరిగెత్తుకొచ్చి, అదే సమయంలో తన పాత్ర ఎలా ఉందో చెప్పమని అడిగేవాళ్ళు ఉంటారు. సూది నోట్లో పెట్టుకుంటే జవాబు చెప్పనక్కర్లేదు. పాత్ర బాగుంటే సూది తీసి చెబుతాం.

అద్దంముందు

అక్కా, ఇన్నేళ్ళుగా మీరు నాతో సూది నోట్లోంచి తీయకుండానే మాట్లాడుతున్నారు. ఇప్పుడు అర్థమైంది.

గడియ

మేకప్పు గురించి నన్ను ఎందుకు అడుగుతారు తమ్ముడూ.

మూడోగంట

సురభివాళ్ళ దగ్గర పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే రాయాలి. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల్లో నటుడు వేరు, పనివాడు వేరు అనే తేడాయే తక్కువ. ఒక సీనులో వేషం కట్టినవాడే ఇంకో సీనులో నారదుణ్ణి గాలిలో నడిపించే తీగ పట్టుకుంటాడు. కాబట్టి నటుడి మీద వాళ్ళు వేసుకునే జోకులు మనవాటికంటే ఘాటుగా ఉంటాయని నా నమ్మకం. తనమీద తనే వేసుకోవాలి కదా.

కొత్తవింగు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే వారం నాకు మొదటిసారి పూర్తి ప్రదర్శన. జేబులో ఏమేమి పెట్టుకోవాలి? నిజంగా అడుగుతున్నాను, చీకటి జెలటిన్ చెప్పకండి.

ఫ్యూజుమామ

టెస్టరు, ఇన్సులేషన్ టేపు, చిన్న టార్చి, కాళ్ళకు రబ్బరు చెప్పులు. హాలోజన్ బల్బు మార్చాల్సి వస్తే గుడ్డతో పట్టుకో. వేలి జిడ్డు గాజుకు అంటితే అక్కడే వేడెక్కి తొందరగా పోతుంది.

నల్లచొక్కా

నల్లచొక్కా. ఇది మాఘమాసమే, ఆమ్లెట్ దొరుకుతుంది.

గడియ

పిన్నీసులు నాలుగు. నీకు అవసరం రాకపోయినా ఎవరో ఒకరు అడుగుతారు, ఇచ్చినవాణ్ణి జన్మలో మరచిపోరు.

భారతంరాత్రి

భోజనం టోకెను మూడో గంటకు ముందే తీసుకో బాబూ. నటులు మేకప్పు తుడుచుకుని వెళ్ళి తినేస్తారు. నువ్వు వైర్లు చుట్టి వచ్చేసరికి రసం ఒక్కటే ఉంటుంది.